పేరు సరిగ్గా పలికితేనే దీవెన వస్తుందా?

ప్రశ్న: మా ఇంట్లో మూడు తరాలుగా 'యెహోవా' అనే ప్రార్థన చేసుకుంటున్నాం. మా అత్తగారు ఆ పేరు పలుకుతూనే కన్నుమూశారు. ఈమధ్య మా ప్రార్థన కూటానికి వస్తున్న ఒక బోధకుడు ఆ పేరే తప్పంటున్నారు. అసలు పేరు 'యహువా' అట, తప్పు పేరుతో చేసిన ప్రార్థన దేవుని దగ్గరికి చేరదట. 40 రోజులు, రోజుకు 70 సార్లు ఆ పేరు పలికి, తాను ప్రార్థించి ఇచ్చే నూనె రాసుకుంటే దీవెన వస్తుందంటున్నారు. నూనెకు కానుక కట్టాలి. యాకోబు రాత్రంతా పట్టుబట్టి దేవుని పేరు అడిగే దీవెన సంపాదించాడని వాక్యం కూడా చూపించారు. మా అబ్బాయికి డిగ్రీ అయి రెండేళ్లయినా ఉద్యోగం లేదు. దీనికి తోడు పొలం గట్టు తగాదాతో మా తోడికోడలి ఇంటితో మూడేళ్లుగా మాటల్లేవు. ఇంటికి ఏదో పట్టినట్టుంది. మేం ఏ పేరుతో పిలవాలి? మా అత్తగారి ప్రార్థనల సంగతేమిటి? – గుంటూరు జిల్లా నుంచి ఒక సోదరి

సమాధానం: అమ్మా, ముందు ఆయన చూపించిన వాక్యమే తెరవండి. ఆదికాండము 32వ అధ్యాయం, 22 నుంచి 32 వరకు. (హెబ్రీ బైబిలు పక్కన పెట్టుకుని చూసేవాళ్లకు వచనాల లెక్క ఒకటి తేడా వస్తుంది. మన 24వ వచనం అక్కడ 25. మన 31వ అధ్యాయంలోని చివరి వచనం అక్కడ 32కి మొదటి వచనం కావడమే కారణం.) 26 నుంచి 29 వరకు ఒక్కో వచనం దగ్గర ఆగి, ఎవరు ఎవరిని ఏమడిగారో వేలు పెట్టి చూడండి. "నన్ను ఆశీర్వదిస్తేనే గాని నిన్ను పోనివ్వను" అన్నాడు యాకోబు. "నీ పేరేమిటి?" అని రాత్రంతా అతనితో పెనుగులాడిన ఎదుటివాడు అడిగాడు. యాకోబు తన పేరు చెప్పాడు. కొత్త పేరు వచ్చింది, ఇశ్రాయేలు. అప్పుడు యాకోబు "దయచేసి నీ పేరు చెప్పు" అన్నాడు. "నా పేరెందుకు అడుగుతావు?" అన్నది వచ్చిన జవాబు. వెంటనే, అదే వచనంలో, "అక్కడ అతని ఆశీర్వదించెను" అని ఉంది.

అంటే యాకోబు పేరు అడిగిన మాట నిజమే, అయితే ఆ పేరు అతనికి చెప్పలేదు. చెప్పకుండానే దీవించాడు. మీ బోధకుడు ఏ వాక్యాన్ని ఆధారంగా చూపించారో ఆ వాక్యమే ఆయన మాటకు అడ్డం వస్తోంది.

ఇంకో ఐదు అధ్యాయాలు వెనక్కి వెళ్తే ఇది మరింత స్పష్టమవుతుంది. 27వ అధ్యాయంలో యాకోబు మేకపిల్లల తోలు చేతులకు కట్టుకుని, అన్న బట్టలు వేసుకుని, చూపు మందగించిన తండ్రి ముందు నిలబడ్డాడు. "నాయనా, నీవెవరు?" అని ఇస్సాకు అడిగితే "నేను ఏశావును, నీ పెద్దకొడుకును" అన్నాడు. వేటమాంసం ఇంత త్వరగా ఎలా దొరికిందని అడిగితే 20వ వచనంలో ఏమన్నాడో చూడండి: నీ దేవుడైన యెహోవాయే దాన్ని నా ఎదుటికి రప్పించాడని. హెబ్రీలో అక్కడ ఉన్నది ఆ నాలుగక్షరాల పేరే. దేవుని పేరు సరిగ్గానే పలికాడు. అబద్ధం తన పేరు దగ్గర ఆడాడు. దీవెన దొరికింది, దాంతోపాటు ఇల్లు వదిలి పారిపోవడం, మామ దగ్గర 20 ఏళ్ల చాకిరీ, అన్న చంపుతాడన్న భయం కూడా వచ్చాయి.

ఆ 20 ఏళ్ల తర్వాత యబ్బోకు రేవు దగ్గర, చీకట్లో, అదే ప్రశ్న మళ్లీ ఎదురైంది: నీ పేరేమిటి? ఈసారి "యాకోబు" అన్నాడు. హెబ్రీలో మడమను 'అకేవ్' అంటారు. పుట్టేటప్పుడు అన్న మడమ పట్టుకుని వచ్చాడు కాబట్టి 'యాకోవ్' అయ్యాడు (25:26). కడుపు మండిన ఏశావు అదే పేరును మోసగాడు అనే అర్థంలో తిప్పి తిట్టాడు (27:36). కాబట్టి రేవు దగ్గర "నేను యాకోబును" అనడమంటే తన చరిత్రంతా ఒప్పుకోవడమే. దీవెన కోరి వచ్చినవాడు పలకాల్సిన పేరు అతని సొంత పేరు. ఈ కథలో పేరు గురించి నేర్చుకోవలసింది మొదట ఇదేనని మా నమ్మకం.

అక్కడి హెబ్రీ మాటలు కూడా ఒకదాన్నొకటి పట్టుకుని పెనుగులాడుతున్నట్టే ఉంటాయి. మనిషి యాకోవ్, ఏరు యబ్బోక్, పెనుగులాడెను అనే క్రియ 'యేఆవేక్'. ఆ ఏరు ఇప్పటి జోర్డాన్ దేశంలో జర్కా నది. పెనుగులాటలో యాకోబు తొడగూడు వసిలి కుంటివాడయ్యాడు. యూదులు ఇప్పటికీ పశువు తుంటి దగ్గర పోయే పెద్ద నరాన్ని తినరు. దాన్ని తీయడం చాలా ఓపికతో కూడిన పని కాబట్టి చాలా దేశాల్లో యూదు కసాయివాళ్లు వెనక భాగం మాంసమే అమ్మరు. ఆ రాత్రి యాకోబు గెలిచింది కండబలంతో కూడా కాదు. హోషేయ 12:4 ప్రకారం అతను ఏడ్చి బతిమాలుకున్నాడు. "పట్టుబట్టి సంపాదించాడు" అని బోధించేవాళ్లు ఆ కన్నీళ్ల వచనాన్ని తరచు వదిలేస్తారు.

పేరు అడిగి కాదనిపించుకున్నది యాకోబు ఒక్కడే కాదు. న్యాయాధిపతులు 13వ అధ్యాయంలో సంసోను తండ్రి మానోహ కూడా దూతను పేరడిగాడు. ఆ పేరు 'పెలీ' అని జవాబొచ్చింది. ఆశ్చర్యకరం, మనసుకు అందనిది అని ఆ మాటకు అర్థం. అక్కడా పేరు చెప్పలేదు, కొడుకు పుడతాడన్న మాట మాత్రం నెరవేరింది.

ఇక 'యెహోవా' తప్పా అన్న సంగతి. దీనికి కొంచెం అక్షరాల్లోకి దిగాలి.

ఆ పేరు హెబ్రీలో నాలుగక్షరాలు, కుడి నుంచి ఎడమకు: యోద్, హే, వావ్, హే. హెబ్రీ బైబిల్లో 6,800 సార్లకు పైగా వస్తుంది. పాతకాలంలో హెబ్రీని హల్లులతోనే రాసేవారు, అచ్చుల గుర్తులు ఉండేవి కావు. మన తెలుగులో గుణింతాలన్నీ తీసేసి 'క ల' అని రెండక్షరాలే రాశామనుకోండి. అది కల కావచ్చు, కాలు కావచ్చు, కలి, కీలు, కూలి, కోల ఏదైనా కావచ్చు. వాక్యాన్ని బట్టి, చిన్నప్పటి నుంచి విన్న అలవాటును బట్టి చదివేవాళ్లకు తెలుస్తుంది. వినడం ఆగిపోతే కాగితం మీద మిగిలేది హల్లులే.

ఆ పేరు విషయంలో జరిగింది అదే. భక్తితో, భయంతో యూదులు దాన్ని పైకి పలకడం మానేశారు. ఆ నాలుగక్షరాలు కనపడ్డ చోట 'అదొనాయ్', అంటే 'నా ప్రభువు', అని చదివేవారు. క్రీ.శ. 6 నుంచి 10వ శతాబ్దాల మధ్య మసోరెతులనే పండితులు హల్లులకు అచ్చుల గుర్తులు పెట్టినప్పుడు, చదివేవాడు పొరపాటున పేరు పలకకుండా, అక్కడ 'అదొనాయ్' అచ్చులు గుర్తుగా పెట్టారు. అదొనాయ్‌లో అచ్చులు అ, ఒ, ఆ. మొదటి 'అ' చాలా పొట్టిది, అది యోద్ కిందికి వచ్చేసరికి హెబ్రీ వ్యాకరణం ప్రకారం తేలికైన 'ఎ' అవుతుంది. ఇప్పుడు కలపండి: య‌కు ఎ, హ‌కు ఒ, వ‌కు ఆ. యెహోవా. ఒక మాట హల్లులు, ఇంకో మాట అచ్చులు కలిసిన రూపమిది. 1008లో రాసిన హెబ్రీ బైబిలు, లెనిన్‌గ్రాడ్ ప్రతిలోనైతే చాలాచోట్ల నడుమ ఉండాల్సిన 'ఒ' చుక్క కూడా పెట్టలేదు. పక్కనే అదొనాయ్ అన్న మాట విడిగా ఉన్న చోట, ఉదాహరణకు ఆదికాండము 15:2లో, ప్రభువు ప్రభువు అని రెండుసార్లు రాకుండా 'ఎలోహీమ్', అంటే 'దేవుడు', అన్న మాట అచ్చులు పెట్టారు. ఈ సంగతులు తెలియని ఐరోపా క్రైస్తవ పండితులు హల్లులనూ అచ్చులనూ కలిపి చదివారు. 13వ శతాబ్దపు లాటిన్ రాతల్లో ఈ రూపం కనిపిస్తుంది. 1530లో టిండేల్ తన ఇంగ్లీషు అనువాదంలో వాడారు. మన తెలుగు బైబిలుకూ ఆ దారినే వచ్చింది.

కాబట్టి మోషే నోట పలికిన పలుకు 'యెహోవా' కాకపోవచ్చునన్న మాట వరకు నిజం. అయితే దాని స్థానంలో 'యహువా' అని అంత గట్టిగా చెప్పడానికి ఆధారమేమిటో ఆయన్ని అడగండి. ఒక వాదన తప్పకుండా వస్తుంది: 'యెహూదా' అన్న పేరులోంచి 'ద' అక్షరం తీసేస్తే దేవుని పేరే మిగులుతుంది గనుక దాన్ని యహువా అనాలని. అక్షరాల వరకు అది సరే. కానీ యెహూదాలో వావ్ 'ఊ' అచ్చుకు గుర్తుగా నిలబడింది. అదే వావ్ ఇంకో మాటలో 'వ' హల్లుగా నిలబడుతుంది. రాతను చూసి ఏది ఏదో చెప్పలేం. పేర్ల చివర వచ్చే 'యాహు' (యెషయాహు, యిర్మెయాహు, ఎలియాహు) పాతదే, అయితే అది కుదించిన రూపం, పూర్తి పేరు కాదు.

పండితుల్లో ఎక్కువమంది 'యాహ్వే' వైపు మొగ్గుతారు. తొలినాటి క్రైస్తవ రచయిత అలెగ్జాండ్రియా క్లెమెంటు గ్రీకులో రాసిన రూపం, సమరయులు 'యాబే' అంటారని 5వ శతాబ్దంలో థియొడోరెట్ అనే క్రైస్తవ రచయిత రాసిన మాట, 'యాహ్' అన్న పొట్టి రూపం, నిర్గమకాండము 3లోని క్రియ, ఇవీ వాళ్ల ఆధారాలు. ఇవి బలమైనవే, అయినా ఆ పలుకును చెవితో విని అందించిన పరంపర మాత్రం మిగల్లేదు.

ఒక చిన్న విషయం ఇక్కడే చెప్పాలి. "జె అక్షరం పుట్టి అయిదొందల ఏళ్లే అయింది, కాబట్టి ఈ పేరు నకిలీ" అని వీడియోల్లో వినే వాదన ఇంగ్లీషు వాళ్లది. మనం మొదటి నుంచీ 'య'తోనే రాస్తున్నాం. డబ్ల్యూనా, వీనా అన్న తగాదా కూడా మన 'వ'కు లేదు. పరాయి భాషలో పుట్టిన భయాన్ని మన ఇంటికి తెచ్చుకోనక్కర్లేదు.

పైగా, అమ్మా, ఏ తగాదా లేని పలుకు ఒకటి మీ నోట ప్రతి ఆదివారం వస్తూనే ఉంది. హల్లెలూయ. 'హల్లెలు' అంటే స్తుతించండి, 'యాహ్' అంటే ఆ పేరు పొట్టి రూపం. హెబ్రీ కీర్తనల్లో, మన 68:4 దగ్గర, ఆ రూపం విడిగానే ఉంది. మన ఊళ్లలో ఏలీయా, యెషయా, యిర్మీయా అని పిల్లలకు పెట్టుకునే పేర్ల చివర ఉన్నదీ అదే. ఏలీయా అంటే 'నా దేవుడు యాహ్'. యేసు అన్న పేరు వెనక ఉన్న యెహోషువలో కూడా ఆ పేరు ముక్క ఉంది. మీ అత్తగారు ఎన్ని వేల సార్లు హల్లెలూయ అన్నారో లెక్కపెట్టగలమా?

ఆవిడ ప్రార్థనల సంగతి అడిగారు కదా. ఈ లేఖనాలను కాపాడి మనకందించిన యూదులు 2,000 ఏళ్లుగా ఆ పేరు పలకకుండానే ప్రార్థిస్తున్నారు. ప్రార్థనలో అదొనాయ్ అంటారు, మామూలు మాటల్లో 'హషేమ్', అంటే 'ఆ నామము', అంటారు. తోరా చుట్ట, అంటే మోషే ధర్మశాస్త్రపు తోలు చుట్ట, రాసే లేఖకుడు ఆ నాలుగక్షరాల దగ్గరికి వచ్చేసరికి, పవిత్ర నామం కోసం రాస్తున్నానన్న సంకల్పంతో రాయాలి. ఆ పేరు రాస్తుండగా రాజు పలకరించినా తల ఎత్తకూడదని వాళ్ల నియమం. రాశాక చెరపకూడదు. అందులో తప్పు దొర్లితే ఆ తోలుపత్రాన్ని భూమిలో దాచాల్సి రావచ్చు. అంత భక్తి ఉన్నవాళ్ల దృష్టిలో పలకకపోవడం లోటు కాలేదు. పలికేవాణ్ణి తప్పుపట్టిన బోధకులే వాళ్లలో ఉన్నారు. నిర్గమకాండము 3:15లో "నిరంతరము నా నామము ఇదే" అన్నచోట 'నిరంతరము' అనే మాటను హెబ్రీలో ఒక అక్షరం తగ్గించి రాశారు. దాన్ని ఇంకోలా చదివితే 'దాచుటకు' అని వస్తుందని యూదు బోధకుల చర్చల గ్రంథం తల్మూదు చెబుతుంది.

మొదట్లో పరిస్థితి ఇలా లేదు, అది కూడా మీకు తెలియాలి. రూతు 2:4లో బోయజు చేలోకి వచ్చి కోతవాళ్లతో "యెహోవా మీకు తోడై యుండును గాక" అంటాడు. వాళ్లు "యెహోవా నిన్ను ఆశీర్వదించును గాక" అంటారు. కోతల రోజున గట్టు మీద పలకరింపు అది. అందులో రహస్యమూ లేదు, లెక్కా లేదు. తర్వాతి కాలంలో ఆ పేరు దేవాలయానికే పరిమితమైంది. ప్రాయశ్చిత్త దినాన ప్రధాన యాజకుడి నోట ఆ పేరు వినగానే ఆవరణలో జనమంతా సాష్టాంగపడేవారని యూదుల పాత ధర్మ నియమాల సంకలనం మిష్నా రాస్తుంది. అదే మిష్నాలో మీ ప్రశ్నకు నేరుగా జవాబనదగ్గ మాట ఒకటుంది (సోతా 7:6): యాజకులు ఇచ్చే దీవెనలో దేవాలయంలోనైతే పేరును రాసినట్టే పలికేవారు, బయట ఊళ్లలో మారుపేరుతో పలికేవారు. దీవెన మాత్రం ఒకటే. పల్లెటూరి జనానికి సగం దీవెనే అందిందని ఎవరూ అనలేదు. క్రీ.శ. 70లో దేవాలయం కూలిపోయాక మిగిలింది ఆ రెండో పద్ధతే.

మరి మోషేకు పేరు చెప్పాడు కదా అంటారు. చెప్పాడు, ఎలా చెప్పాడో చూడండి. నిర్గమకాండము 3:14లోని హెబ్రీ మాటలు 'ఎహ్యె అషెర్ ఎహ్యె'. 'ఉన్నవాడను' అని మనకు అనువాదమైంది. ఆ క్రియకు 'ఉంటాను' అనే అర్థం కూడా వస్తుంది. రెండు వచనాల ముందు, 12లో, "నీకు తోడైయుందును" అన్నచోట ఉన్నదీ అదే 'ఎహ్యె'. కాబట్టి మోషే ఆ పేరు విన్నప్పుడు అతని చెవిలో అప్పటికే 'తోడుంటాను' అన్న మాట ఉంది. 34:5-7లో తన నామాన్ని తానే ప్రకటించినప్పుడు కూడా దేవుడు ఉచ్చారణ నేర్పలేదు. కనికరం, దయ, దీర్ఘశాంతం, విస్తారమైన కృప అంటూ తన గుణాలు చెప్పుకుంటూ పోయాడు. హెబ్రీలో నామం ఎరగడమంటే ఆ మనిషిని ఎరగడం.

పేరు సరిగ్గా పలికి దారి తప్పినవాళ్లూ ఆ గ్రంథంలోనే ఉన్నారు. న్యాయాధిపతులు 17లో మీకా తల్లి, తన 1,100 వెండి రూకలు తీసుకున్నది తన కొడుకేనని తెలిశాక, ఆ పేరుతోనే అతన్ని దీవించి, ఆ పేరుకే వెండి ప్రతిష్ఠించి, 200 రూకలతో విగ్రహం పోయించింది. సౌలు ఏన్దోరులో కర్ణపిశాచం గల స్త్రీకి ఆ పేరు మీదే ఒట్టు పెట్టాడు (1 సమూయేలు 28:10). వాళ్ల కాలంలో పలుకు పోలేదు, ఉచ్చారణలో తప్పు లేదు.

ఇప్పుడు దీవెన దగ్గరికి వద్దాం. సంఖ్యాకాండము 6:24-26 తెరవండి. "యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడును గాక" అని మొదలయ్యే మూడు వచనాలు. హెబ్రీలో మొత్తం 15 మాటలే. మొదటి వరుసలో 3, రెండోదాంట్లో 5, మూడోదాంట్లో 7. అక్షరాలు లెక్కపెడితే 15, 20, 25. ప్రతి వరుసలో రెండో మాట ఆ పేరే. ఏరు పారేకొద్దీ వెడల్పైనట్టు వరుస వరుసకు పెరుగుతూ చివరకు 'షాలోమ్' దగ్గర ఆగుతుంది. తెలుగులో 'సన్నిధి' అన్న చోట హెబ్రీలో ఉన్నది 'ముఖం': ఆయన ముఖం నీ మీద వెలగాలి, ఆయన తన ముఖం నీ వైపు ఎత్తాలి. 'నిన్ను' అన్నది ఏకవచనం. జనమంతా నిలబడి ఉన్నా ఒక్కొక్కరికీ విడిగా పలికినట్టు.

దాని తర్వాతి 27వ వచనం మీకు చాలా ముఖ్యం. తెలుగులో "నా నామమును ఉచ్చరించుటవలన నేను వారిని ఆశీర్వదించెదను" అని ఉంది. 'ఉచ్చరించుట' అన్న మాట చూసే ఉచ్చారణలోనే శక్తి ఉందన్న అపోహ పుట్టే వీలుంది. హెబ్రీ మాట 'వెసామూ'. పెడతారు, ఉంచుతారు అని అర్థం. యాజకులు నా నామాన్ని జనం మీద ఉంచుతారు, దీవించేది నేను అంటున్నాడు. పేరును మనం చేజిక్కించుకునే పని అందులో లేదు. ఆయనే తన పేరు మన మీద పెట్టి వీళ్లు నావాళ్లు అంటున్నాడు.

ఈ మాటలు ఎంత పాతవో చూపించే ఆనవాలు ఒకటి దొరికింది. 1979లో యెరూషలేము పాత నగరానికి నైరుతిగా, కెతెఫ్ హిన్నోమ్ అనేచోట పురావస్తు పరిశోధకుడు గేబ్రియల్ బార్కాయ్ బృందం ఒక సమాధి గుహలో రెండు చిన్న వెండి చుట్టలు కనుగొంది. విప్పితే పెద్దది సుమారు 97 మిల్లీమీటర్ల పొడవు, 27 వెడల్పు. చిన్నది 39 పొడవు, 11 వెడల్పు, అంటే చిటికెన వేలంత కూడా లేదు. చిట్లిపోకుండా వాటిని విప్పడానికే ఏళ్లు పట్టింది. క్రీ.పూ. 7వ శతాబ్దం చివర, 6వ శతాబ్దం మొదట్లోవి. వాటి మీద సన్నగా గీకి ఉన్నవి ఈ దీవెన మాటలే, నాలుగక్షరాల పేరుతో సహా.

అవి మెడలో వేసుకునే తాయెత్తులు కదా అని మీ బోధకుడు అడగవచ్చు, న్యాయమైన ప్రశ్నే. అవును, కీడు తగలకూడదని వేసుకున్నవే. జనం అలా వేసుకున్నారన్నది చరిత్ర. సంఖ్యాకాండములో మాత్రం వేసుకోమనీ, ఇన్నిసార్లు జపించమనీ, ఇంత కానుక కట్టమనీ ఎక్కడా లేదు.

నూనె గురించి కూడా చూసుకోండి. నిర్గమకాండము 30:22-33లో అభిషేక తైలం కొలతలున్నాయి: గోపరసం 500 తులాలు, సువాసన గల దాల్చిన రకం పట్ట 250, వాసన గడ్డి 250, లవంగిపట్ట 500, ఒలీవ నూనె ఒక హీను (హెబ్రీయుల కొలత). అది గుడారానికీ యాజకులకూ మాత్రమే. దాన్ని పోలింది తయారు చేసినా, ఇతరుల మీద పోసినా ప్రజల్లోంచి కొట్టివేయబడతాడని అక్కడే హెచ్చరిక ఉంది. రోగి కోసం సంఘ పెద్దలు నూనె రాసి ప్రార్థించడం వేరు (యాకోబు పత్రిక 5:14), అందులో అమ్మకం లేదు. సీసాకు డబ్బు కట్టకండి. కూటంలో గొడవ పడనూ వద్దు. ఆదికాండము 32:29 పైకి చదివి, "ఇక్కడ పేరు చెప్పాడా అండీ?" అని నెమ్మదిగా అడిగితే చాలు.

ఇంట్లో మీరు చేయగలిగింది ఒకటుంది. యూదుల ఇళ్లలో శుక్రవారం రాత్రి భోజనానికి ముందు అమ్మానాన్నలు పిల్లల తల మీద చేతులుంచి దీవిస్తారు. కొడుకైతే "ఎఫ్రాయిమువలెను మనష్షేవలెను దేవుడు నిన్ను చేయును గాక" (ఆదికాండము 48:20), కూతురైతే శారా, రిబ్కా, రాహేలు, లేయా పేర్లతో. ఆ తర్వాత ఈ మూడు వచనాలు. మొత్తం ఒక నిమిషం పట్టదు. పిల్లలు పెద్దవాళ్లయి పెళ్లిళ్లయినా ఇది ఆపరు. మీరూ వారంలో ఒక రాత్రి ఎంచుకోండి. టీవీ ఆపి, అబ్బాయిని కూర్చోబెట్టి, తల మీద చెయ్యి వేసి, తెలుగులోనే, మీ అత్తగారు పలికిన పేరుతోనే ఆ మూడు వచనాలు చదవండి. ఒక్కో వరుస తర్వాత ఊపిరి తీసుకోండి. దీనికి ముందూ వెనకా ఉద్యోగం మాట ఎత్తకండి, లేకపోతే దీవెన కాస్తా మందలింపై అబ్బాయి తల దించుకుంటాడు. ఉద్యోగం మీద మాట్లాడేది ఉంటే పగలు మాట్లాడండి. యాకోబు కూడా అదే అధ్యాయంలో మందను రెండు గుంపులు చేశాడు, ప్రార్థించాడు, అన్నకు కానుకలు పంపాడు, అన్నీ చేశాకే ఆ రాత్రి ఒంటరిగా మిగిలాడు. దరఖాస్తులు, పరీక్షలు మామూలుగా సాగనివ్వండి. దొరక్కపోతే ఉచ్చారణ తప్పిందని గాని, ఇంటికి ఏదో పట్టిందని గాని అనుకోవద్దు.

చివరగా, తోడికోడలి సంగతి. మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు గాని, యాకోబు కథ మాత్రం అక్కడికే నడుస్తుంది. దీవెన పొంది తెల్లారేసరికి ఎదురుగా 400 మందితో అన్న వస్తున్నాడు. యాకోబు ముందే పంపిన కానుక లెక్క 32:14-15లో ఉంది: మేకలు 220, గొర్రెలు 220, పాలిచ్చే ఒంటెలు 30 పిల్లలతో సహా, ఆవులు 40, ఆబోతులు 10, గాడిదలు 30. ఒంటె పిల్లల్ని వదిలేసినా 550 జీవాలు. కుంటుతూ వెళ్లి ఏడుసార్లు నేలమట్టుకు వంగి నమస్కారం చేశాడు. 33:11లో "కానుకను పుచ్చుకొనుము" అన్నచోట హెబ్రీలో ఉన్న మాట 'బిర్ఖాతీ', 'నా దీవెన'. అన్న దగ్గర కాజేసిన దీవెనను అదే మాటతో అన్న చేతికి తిరిగి ఇస్తున్నాడు. అంతకు ముందు వచనంలో, నీ ముఖం చూడడం దేవుని ముఖం చూసినట్టుంది అన్నాడు.

గట్టు కొలత ఎవరిది న్యాయమో ఇక్కడ కూర్చుని మేం చెప్పలేం. దానికి సర్వేయరు, పెద్దమనుషులు ఉన్నారు. మాటలు కలపడానికి మాత్రం కొలత తేలేదాకా ఆగక్కర్లేదు. పండగకో పబ్బానికో ఏదైనా వండి పట్టుకెళ్లండి. గట్టు ప్రస్తావన తేవద్దు, తప్పెవరిదన్న లెక్క తీయవద్దు. మీ వైపు జారిన మాట ఒకటి గుర్తుంటే, "ఆరోజు నేను అలా అనకుండా ఉండాల్సింది" అని ఆ ఒక్కటీ చెప్పండి. మొదటిసారి ఆమె గిన్నె తీసుకోకపోతే నొచ్చుకోకండి. ఏశావు కూడా మొదట "నాకు కావలసినంత ఉంది తమ్ముడూ, నీది నీవే ఉంచుకో" అన్నాడు. యాకోబు బతిమాలితే అప్పుడు తీసుకున్నాడు.